దేవుడి గూట్లో పూతరేకుల పొట్లం

ఆ ఫోను చెంబుకి ఆనించి పెట్టు. రికార్డింగు మధ్యలో ఆపకు. ఆపితే ఎక్కడున్నానో మర్చిపోతాను. ఇందులో నువ్వూ ఉన్నావు గాని నీకు గుర్తుండే వయసు కాదు, అప్పటికి నీకు నాలుగేళ్ళు కూడా నిండలేదు. మీ చిన్న నానమ్మ ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతూనే చెబుతుంది, గోరంత దానికి నేను కొండంత రాద్ధాంతం చేశానని. అలా చెప్పేటప్పుడు ఒక ముక్క మింగేస్తుంది. ఆ ముక్క కోసమే నిన్ను రాయమంటున్నాను.

మీ చిన్న నానమ్మ అంటే నా తోటికోడలు, మీ తాతయ్య తమ్ముడి భార్య. ఒకే దొడ్డి, ఒకే నుయ్యి, గోడకి అటు వాళ్ళ వంటిల్లు, ఇటు మాది. ఆవిడకి ఒక్కతే కూతురు, నీకు అత్త. ద్రాక్షారామం దగ్గర ఊరికి ఇచ్చాం. పెళ్ళయ్యాక రెండుసార్లు నెల తప్పి నిలవలేదు. మూడోసారి నిలిచింది. ఐదో నెల రాగానే చలిమిడి పెట్టాలి, సారె పంపాలి. ఆ సారె వాళ్ళ ఊళ్ళో ఇంటింటికీ పంచుతారు. వచ్చేది ఆషాఢం. ఆషాఢంలో శుభం చెయ్యం, ఆరో నెలలో సారె పెట్టం. జ్యేష్ఠం వెళ్ళేలోగా పెట్టేయాలని తొందర.

లడ్డూలూ కాజాలూ కొట్లో చెప్పాడు మీ చిన్న తాతయ్య. పూతరేకులు మాత్రం తల్లి చేత్తోనే చెయ్యాలని ఆవిడ పంతం. మన ఊళ్ళో రేకు తీసే కుండ లేని ఇల్లు లేదు కదా. నీకు తెలుసులే, చదివేవాళ్ళకి తెలియాలని చెబుతున్నా. కుండ బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెట్టి, జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కాలిన కుండ మీద ఒక్క లాగు లాగితే ఉల్లిపొరలాంటి రేకు వస్తుంది. ఆ వేడికి ఏ క్రిమీ బతకదు. కానీ రేకు పెళుసు, మడవబోతే విరిగిపోతుంది. అందుకని తడిగుడ్డ అద్ది మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడుస్తాం. మంట కుండ దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ పొయ్యి ఎక్కేది లేదు, అంతా చేతి పనే.

ఆ రోజుల్లోనే కాలవలకి కొత్త నీళ్ళు వదిలారు. మన వీధి కుళాయి పైపు మురుగు కాలవలోంచి వెళ్ళేది, ఎక్కడో చిట్లింది. నీళ్ళు కొంచెం రంగుగా వస్తున్నాయి, మామూలేలే అనుకున్నాం. చెరువు పక్కింట్లో ఒకాయనకి విరేచనాలన్నారు, ఆయన ఏ పెళ్ళిలోనో తిని ఉంటాడన్నారు. అంతటితో వదిలేశాం.

ఇంతలో నీకు మొదలైంది. మొదట జ్వరం. తర్వాత కడుపునొప్పి అని మెలికలు తిరిగావు. మీ అమ్మ నీ బట్ట మార్చబోయి చూసి, "అత్తయ్యగారూ!" అని అరిచింది. జిగట, అందులో నెత్తురు చారలు. చీర మార్చుకోకుండానే ఇద్దరం ఆటో ఎక్కి నిన్ను రావులపాలెం తీసుకెళ్ళాం. నరం దొరక్క నీ చిన్న చేతిని రెండు మూడు చోట్ల పొడిచి చివరికి సెలైన్ పెట్టారు. ఏడవడానికి కూడా నీకు ఓపిక లేదు. నోరు తెరుస్తావు, గొంతు రాదు. కంట్లో నీళ్ళు కూడా లేవు.

మర్నాడు పొద్దున్న డాక్టరమ్మగారు చూసి, "ఇది జిగట విరేచనాలండి. చేతి మీంచి నోట్లోకి పాకే జబ్బు. మందు పనిచేస్తోంది, భయం లేదు. పాపకి తిండి ఎవరు పెడతారు?" అని అడిగారు.

"నేనూ, వాళ్ళమ్మా అండి."

"ఇంట్లో ఇంకెవరికైనా కడుపు బాగాలేదా?"

"లేదండి."

"ఉండే ఉంటారు. చెప్పుకోరు. మీరే అడిగి చూడండి. ఉంటే మాత్రం తగ్గాక కూడా రెండు రోజులు వంటింట్లోకి రానివ్వకండి."

నీకు బట్టలు తేవాలని మీ అమ్మని నీ దగ్గర వదిలి ఆటో ఎక్కాను. దారి పొడుగునా డాక్టరమ్మగారి మాటే. ఇంకెవరు పెట్టారు దీనికి? కొట్లో బిస్కెట్టు కూడా కొనలేదు. అరటి గెలల లారీ ఏదో అడ్డం వచ్చి ఆటో ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది. సారె పనిలో నువ్వు పొద్దస్తమానం మీ చిన్న నానమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చున్నావు. మడిచేటప్పుడు చితికిన ముక్కలన్నీ ఆవిడ నీ నోట్లో పెట్టేది. "నా బంగారు కొండ, నువ్వు రుచి చూసి చెప్పు" అని.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదాండి?" అన్నాడు ఆటో అతను అద్దంలోంచి చూసి.

"నువ్వు పోనీ నాయనా. తొందరగా పోనీ" అన్నాను.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో రెండు కార్లు. రాహుకాలం దాటగానే బయల్దేరాలి. మీ చిన్న తాతయ్య అరటి గెలలకి పసుపు రాయిస్తూ నన్ను చూసి ఎదురొచ్చాడు. "వదినగారూ, పాపకెలా ఉందండి?" అన్నాడు. బాగానే ఉందని చెప్పి నూతి దగ్గరకెళ్ళి ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. కడుక్కుంటుంటే గోడ అవతల్నుంచి వాసన వచ్చింది. దానిమ్మ తొక్క కాస్తున్నారు.

ఆ కషాయం విరేచనాలు కట్టడానికని మా తరం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. తడి చేతులతోనే వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ మడిచీరలో ఉంది. పెదాలు ఎండి పొలుసులు లేచాయి. పక్కన బల్ల మీద పూతరేకుల డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎర్ర దారంతో కట్టేసి ఉన్నాయి. నన్ను చూడగానే చెంగు అడ్డం పట్టింది.

"అక్కా, ఆగు ఆగు, ముట్టుకోకు! ఆసుపత్రి నుంచొచ్చి సరాసరి మడి మీదకొస్తావేంటి?"

"ఆ కషాయం ఎవరికే?"

"ఊరికే. వేడి చేసింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వెప్పుడూ ఇంతేనక్కా. ఎవరు తుమ్మినా తుఫానంటావు. పిల్ల ఎలా ఉందో చెప్పు ముందు."

"పిల్లకి నెత్తురు పడుతోంది. నీకూ పడుతోందా?"

ఆవిడ పొయ్యి మీద గిన్నె దింపబోయి ఒక చేత్తో గోడ పట్టుకుంది. అప్పుడు చూశాను, కాళ్ళు వణుకుతున్నాయి. రేకు తీయడం మొదలెట్టిన రోజు నుంచీ ఉందట. కూతురి సారె ఆగిపోతుందని మొగుడికి కూడా చెప్పలేదు. ఎవరూ లేనప్పుడు దొడ్లోకి వెళ్ళిరావడం, మళ్ళీ తల మీంచి నీళ్ళు పోసుకుని మడి కట్టుకుని కూర్చోవడం.

"ఆ చేత్తోనే మడిచావా ఇవన్నీ?"

ఆవిడకి కోపం వచ్చింది. "ఆ చెయ్యంటే ఏం చెయ్యి? ప్రతిసారీ బిందెలకి బిందెలు తల మీంచి దిమ్మరించుకున్నాను. ఆరేసిన మడిచీర కట్టాను. నీ కోడలు నెయ్యిగిన్నెకి తగిలిందని ఆ గిన్నెడు నెయ్యీ పక్కన పెట్టేశాను. నన్నెవరైనా ముట్టుకున్నారా?"

"నిన్నెవరూ ముట్టుకోలేదు. నువ్వు వేటిని ముట్టుకున్నావో అది చెప్పు. సబ్బుతో కడిగావా?"

"మడిలో సబ్బేంటక్కా!"

నిజంగా ఆశ్చర్యంగా అడిగింది. వాళ్ళ పుట్టింట్లో అంతే, సబ్బు తాకితే మడి పోయినట్టే. మాట మెత్తగానే అన్నాను: "చెల్లీ, మడి దేవుడికి తెలుస్తుంది. ఈ జబ్బుకి తెలియదే. నీ చెయ్యి తడిగుడ్డ మీదకీ, తడిగుడ్డ ప్రతి రేకు మీదకీ వెళ్ళింది. మొదటి పూతరేకు ఎవరు తింటారు? నీ కూతురు. కడుపుతో ఉన్న పిల్లకి నెత్తురు విరేచనాలైతే ఏమవుతుందో నేను నోటితో అనలేను. ఇప్పటికే రెండు పోయాయి."

ఆవిడ బల్ల మీదున్న డబ్బాల వైపు చూసింది. చివరికి, "తీసేద్దాం. పూతరేకులు లేకుండానే వెళ్దాం. వాళ్ళు ఎత్తిపొడిస్తే పొడిచారు, నేనే పడతాను" అంది.

గుమ్మంలో మీ చిన్న తాతయ్య నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో. "అవి తీసేస్తే సరే. మరి నిన్న పంపిన పొట్లం?" అన్నాడు.

అది నాకు తెలియదు. నేను నీతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు అటు వెళ్ళే చుట్టం ఎవరో దొరికితే, కూతురు ముందుగా నోరు తీపి చేసుకుంటుందని పొట్లం కట్టి పంపిందట ఈ తల్లి. ఆవిడ ఉన్నచోటే కూలబడిపోయింది.

మీ అత్తకి ఫోను చేశాను. మోగుతూనే ఉంది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆమె భర్తకి చేస్తే స్విచ్ఛాఫ్. మీ చిన్న తాతయ్య వియ్యంకుడిగారికి చేశాడు. ఆయన చేలో ఉన్నాడు. "నేను ఇంటికెళ్ళేసరికి గంట పడుతుంది బావగారూ. అయినా కంగారేంటండి, సారెకి అన్నీ సిద్ధంగా ఉన్నాయండి" అంటున్నాడు. ఇంకోసారి చేస్తే ఎత్తింది పిల్ల.

"పెద్దమ్మా! బయల్దేరారా?"

"అమ్మ పంపిన పొట్లం తిన్నావా?"

"లేదు పెద్దమ్మా. పుట్టింటి నుంచొచ్చింది దేవుడికి చూపించందే తినకూడదని అత్తయ్యగారు గూట్లో పెట్టారు. ఇదిగో, ఇప్పుడే నైవేద్యం పెడుతున్నారు. నోరూరిపోతోంది నాకు."

గంట చప్పుడు ఫోన్లోంచి వినిపించింది.

"తినకు. మీ అత్తగారికి ఫోనివ్వు."

"మడిలో ఉన్నారు, ముట్టుకోరు. స్పీకర్లో పెట్టనా?"

స్పీకర్లో అంటే ఆ ఇంట్లో ఉన్న ఆడపడుచులూ, సారెకని వచ్చిన పేరంటాళ్ళూ అందరూ వింటారు. మా తోటికోడలు కింద నుంచి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని తల అడ్డంగా ఊపింది. "నలతగా ఉందని చెప్పక్కా. ఆ మాట అనకు" అంటోంది పెదాలతోనే. వియ్యంకులకి ఏ తల్లి చెప్పుకోగలదు ఆ మాట? నాకూ నోరు రాలేదు. నలతగా ఉందనే చెప్పాను.

"వదినగారూ, మా చెల్లికి ఒంట్లో నలతగా ఉందండి. ఆవిడ చేసిన పూతరేకులు పిల్లకి పెట్టకండి."

"అయ్యో, నలతగా ఉంటే పాపం ఎంత శ్రమపడి చేశారో. దేవుడికి చూపించేశాను వదినగారూ. ఇప్పుడది ప్రసాదం. ప్రసాదానికి దోషం ఉండదు. ఇదిగో అమ్మాయ్, చెయ్యి పట్టు."

ఆ 'చెయ్యి పట్టు' అన్న మాట ఇంకా చెవిలో ఉంది నాకు. నేను నోరు తెరిచేలోపు నా చేతిలో ఫోను లేదు. మా తోటికోడలు లేచి లాక్కుంది. మడి, పరువు, అన్నీ మర్చిపోయి ఫోను రెండు చేతులతో పట్టుకుని అరిచింది.

"వదినగారూ, వద్దండి! నాకు విరేచనాలండి. నెత్తురు విరేచనాలు. దొడ్లోకెళ్ళొచ్చిన చేత్తోనే మడిచానండి అవి. దాని నోట్లో పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను!"

అంతవరకూ పెదాలు దాటని ఆ గొంతు వీధి దాకా వెళ్ళింది. వాకిట్లో కారు డ్రైవర్లు కూడా ఇటు తిరిగి చూశారు.

అవతల ఎవరో ముసిముసిగా నవ్వారు, ఎవరో "ఊరుకోవే" అన్నారు. ఆ తర్వాత వియ్యపురాలి గొంతు వచ్చింది, ముందున్నంత తీయగా లేదు. "పిల్ల తినలేదు. నా చేతిలోనే ఉంది. ప్రసాదం పారెయ్యకూడదు కదా, కాలవలో కలిపేస్తాను."

మనవాళ్ళకి అది అలవాటు. పూజ చేసిన పత్రి, విడిచిన దండ, పాత పటం, ఏదైనా పారే నీళ్ళలో వదిలేస్తే పాపం పోతుందని. ఆ కాలవ కింద ఎన్ని ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండుతాయో ఎవరు ఆలోచిస్తారు? ఈసారి ఫోను నేను తీసుకున్నాను.

"కాలవలో వద్దు వదినగారూ. ఎవరూ తొక్కని చోట, నూతికి దూరంగా లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. భూదేవి తీసుకుంటుంది. తర్వాత పళ్ళెం వేణ్ణీళ్ళతో కడిగి, మీరు సబ్బుతో చేతులు కడుక్కోండి. ముట్టుకున్న వాళ్ళందరూ."

"మడి మళ్ళీ కట్టుకోవాలన్నమాట."

"కట్టుకోండి. సబ్బు తర్వాత కట్టుకోండి."

ఆవిడ "ఇవాళ మీరు రావద్దండి. ఐదో నెల తప్పితే ఏడో నెల ఉంది, శ్రావణమే కదా. ఇక్కడి వాళ్ళకి నేనేదో చెప్పుకుంటాను" అంది. అని, పెట్టేసే ముందు, "మీ చెల్లెల్ని డాక్టరుకి చూపించండి వదినగారూ. అంత గట్టిగా అరిచిన మనిషి ఒంట్లో ఏముంటుంది ఇంక" అంది. అది ఎత్తిపొడుపో ప్రేమో నాకు ఇప్పటికీ తేలలేదు.

కార్లు ఖాళీగా వెళ్ళిపోయాయి. డబ్బాలన్నీ రేకు తీసే కుండ దగ్గరికి మోశాం. కొబ్బరాకు వేసి అంటించాం. నెయ్యి కదా, మంట మనిషెత్తు లేచింది. ఆ తడిగుడ్డ కూడా అందులోనే వేశాం. మా తోటికోడలు అరుగు మీద కూర్చుని, ఆశా వర్కరు ఇచ్చిన ఓఆర్ఎస్ నీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ ఆ మంటనే చూసింది. నీళ్ళు తాగితే ఇంకా పోతాయని అన్నాళ్ళూ నోరు కట్టుకుందట, పిచ్చిది. ఆ మధ్యాహ్నమే ఆవిణ్ణి కూడా నీ పక్క మంచంలో చేర్పించాం. నువ్వు కళ్ళు తెరిచి చూసి, "చిన్న నానమ్మా, పూతరేకు ఏది?" అన్నావు. నీ గొంతు విని మీ అమ్మ ఏడ్చేసింది.

తర్వాతి రోజులే కష్టంగా గడిచాయి. మరుగుదొడ్డి చుట్టూ బ్లీచింగు చల్లించాం, కుళాయి పైపు మార్చేదాకా నీళ్ళు కాచి తాగాం, బట్టలు ఉడకబెట్టాం. అయినా నాకు నిద్ర లేదు. ఆ పిల్ల నిజంగా తినలేదా? చుట్టం తీసుకెళ్ళేటప్పుడు పొట్లం విప్పారా? వియ్యపురాలు వేళ్ళు నాకిందా? పొద్దున్నా సాయంత్రం ఫోను చేసి, "కడుపెలా ఉందమ్మా?" అనడమే. చివరికి మీ అత్తకి విసుగొచ్చి, "బాగుంది పెద్దమ్మా, లోపల తంతున్నాడు కూడా, చాలా?" అంది. అప్పుడు తిన్నాను నేను కడుపునిండా.

శ్రావణంలో సారె వెళ్ళింది. వియ్యపురాలు ఏమీ అనలేదు. వాకిట్లో కాళ్ళు కడుక్కునే చోట ఇత్తడి చెంబు పక్కన కొత్త సబ్బు బిళ్ళ పెట్టి, "కానివ్వండి వదినగారూ" అంది, అంతే. పంచిన చోట ఏ ఇంట్లోనూ ఎవరికీ ఏమీ కాలేదు. మీ అత్తకి మగపిల్లాడు పుట్టాడు. వాడే, మొన్న నీ సైకిలు విరగ్గొట్టాడే, వాడు.

ఇప్పుడు మీ చిన్న నానమ్మ ఏమంటుందో విన్నావుగా. "ఏమైంది? ఎవరికైనా ఏమైనా అయ్యిందా? మా అక్క నా పూతరేకులన్నీ తగలబెట్టేసింది" అంటుంది. ఆ పొట్లంలో జబ్బు ఉందో లేదో నేనూ ప్రమాణం చెయ్యలేను. ఉందని తెలియాలంటే ఆ పిల్ల తిని ఉండాలి. తెలియకపోతేనేం, ఆ నవ్వులు పడతాను. కానీ ఫోను లాక్కుని అరిచింది తనేనని మాత్రం ఎక్కడా చెప్పదు. సిగ్గు.

నిన్న కూడా విన్నాను గోడ అవతల్నుంచి. ఇప్పుడు వాళ్ళింట్లో పూతరేకులు చేసి అమ్ముతున్నారుగా, రేకు మడవడానికి ఆడవాళ్ళు వస్తుంటే వీధి వాకిట్లో కూర్చుని ఒక్కొక్కరినీ ఆపుతోంది.

"ఏమ్మా, కడుపు బాగుందా? నిజం చెప్పు. బాగాలేకపోతే సిగ్గుపడకుండా ఇంటికి పో, నీ పీట ఎక్కడికీ పోదు."

"ఇంత గట్టిగా అడుగుతారేంటండి, వీధంతా వింటోంది!"

"విననీ. నేనిదివరకు ద్రాక్షారామం దాకా వినిపించేను."

అదిగో, చివరికి తనే చెప్పేసింది చూశావా. అది కూడా రాయి.